ఆఫీసుకు రోజూ నడిచి వెళ్లడం మీకు కుదురుతుందా? రెండు వారాల్లో తేల్చుకునే పద్ధతి

ఇంటికీ ఆఫీసుకూ మధ్య నాలుగైదు కిలోమీటర్లు ఉన్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది: రోజూ నడిచి వెళ్తే ఎలా ఉంటుంది? ఒక సెలవు రోజున నడిచి చూస్తారు, హాయిగా ఉంటుంది, సోమవారమే మొదలుపెడతారు. బుధవారానికి మడమ మీద బొబ్బ, శుక్రవారానికి పిక్కల నొప్పి, పై వారానికి మళ్లీ బస్సు. ఇంకొందరు మ్యాప్‌లో గంటా పది నిమిషాలని చూసి, మనవల్ల అయ్యే పని కాదని అడుగే వేయరు. ఇద్దరూ తొందరపడ్డట్టే.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు దాదాపు అందరూ ఐదు కిలోమీటర్లు ఒక్కసారి నడవగలరు. తేల్చుకోవాల్సింది అది కాదు. గురువారం సాయంత్రం, పనంతా అయ్యాక, వీపున సంచితో అంతే దూరం వెనక్కి నడవగలరా? నడిచాక శుక్రవారం పొద్దున అదే టైముకి లేచి బయల్దేరగలరా? ఈ రెండింటికీ జవాబు దొరకాలంటే కాస్త కొలవాలి, కాస్త లెక్క వేయాలి, ఆ తర్వాత రెండు వారాలు పద్ధతిగా నడిచి చూడాలి. ఆ క్రమంలోనే చెప్పుకుందాం.

ముందు అసలు దూరం

మ్యాప్ తెరిచి నడక గుర్తు నొక్కి చూడండి. కారు దారి చూపించే దూరాన్ని నమ్మొద్దు. నడిచేవాళ్లకు సందులు, పార్కు గేట్లు, మెట్ల దారులు కలిసొస్తాయి. అదే పెద్ద రోడ్డు, రైలు పట్టాలు, కాలువ అడ్డం వస్తే వంతెన కోసం చుట్టు తిరగాలి. గీత గీసినట్టు నేరుగా చూస్తే 4 కి.మీ. ఉన్నది కాలి కింద 5 కి.మీ. కావడం మామూలే.

నడక టైము లెక్కకట్టేటప్పుడు ఈ మ్యాప్‌లు సుమారు గంటకు 5 కి.మీ. వేగాన్ని అనుకుంటాయి. అది సంచి లేకుండా, చదునైన దారిలో, మధ్యలో ఎక్కడా ఆగని మనిషి వేగం. మీది మీరే కొలుచుకోవాలి. సరిగ్గా ఒక కిలోమీటరు ఉన్న చదును దారి ఎంచుకుని, రోజూ మోసే సంచే వేసుకుని, రోజూ వేసుకునే బూట్లతోనే నడవండి. ఎవరో చూస్తున్నారన్నట్టు వేగం పెంచకండి. 12 నిమిషాలు పడితే గంటకు 5 కి.మీ., 13 నిమిషాల 20 సెకన్లయితే 4.5, పది నిమిషాలయితే 6. ఆరు కిలోమీటర్ల వేగాన్ని గంటసేపు నిలబెట్టడం చాలామందికి కష్టం. పైగా ఆ వేగంతో చేరితే చొక్కా తడిసిపోతుంది. పక్కన ఎవరైనా ఉంటే ఆయాసపడకుండా మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనట్టుండాలి. రోజూ నడవడానికి అంతకుమించిన వేగం పెట్టుకోవద్దు.

దారిలో ఎత్తు ఉంటే దానికి విడిగా టైము కలపాలి. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన కొండదారుల లెక్క ఊరి రోడ్లకూ పనికొస్తుంది: ఎక్కే ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ ఒక నిమిషం. వంతెన మెట్లు ఎక్కినా అంతే.

తలుపు నుంచి కుర్చీ దాకా

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. నడకకేమో మ్యాప్‌లోని టైము, బస్సుకేమో ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా టైము తీసుకుని పోలుస్తారు. రెండింటికీ ఒకే కొలత ఉండాలి: ఇంటి తలుపు తాళం వేసిన క్షణం నుంచి ఆఫీసులో పని మొదలుపెట్టగలిగే స్థితిలో కూర్చునే క్షణం దాకా.

ఒక లెక్క వేసి చూద్దాం. దూరం 5 కి.మీ., వేగం గంటకు 5. నడక 60 నిమిషాలు. దారిలో ఆరు సిగ్నళ్లు, ఒక్కోచోట సగటున 40 సెకన్లు ఆగాలి: 4 నిమిషాలు. మొత్తం 40 మీటర్ల ఎక్కుడు: ఇంకో 4. ఇంటి దగ్గర మెట్లు, ఆఫీసు దగ్గర గేటు, లిఫ్టు: 4. చెమట ఆరడానికి, బట్టలు మార్చుకోవడానికి 15. అంతా కలిపి 87 నిమిషాలు.

ఇప్పుడు బస్సు. స్టాపు దాకా 8 నిమిషాలు, ఎదురుచూపు 5 నుంచి 20, ప్రయాణం 25 నుంచి 40, దిగాక 6, గేటు, లిఫ్టు 4. అంటే 48 నుంచి 78 నిమిషాలు. మంచిరోజు 48 అన్న సంగతి పక్కన పెట్టండి. ఆలస్యం కాకూడదంటే రోజూ 78 నిమిషాల ముందే బయల్దేరాలి. అంటే పొద్దున పూట నడకకూ బస్సుకూ తేడా 9 నిమిషాలే. సాయంత్రం బట్టలు మార్చుకునే పని లేదు కాబట్టి నడక 72 నిమిషాలు, బస్సు సగటున 63. ఇక్కడా తేడా 9 నిమిషాలే.

ఈ లెక్కలో బయటపడే సంగతి ఒకటుంది. నడకకు పట్టే సమయం రోజురోజుకీ పెద్దగా మారదు. గంట నడకలో మూడు నుంచి ఐదు నిమిషాల తేడా వస్తే ఎక్కువ. వాహనాలకు అరగంట తేడా వచ్చినా వింత లేదు. అందుకని సగటుతో సగటును పోల్చకుండా, చెడ్డరోజుతో చెడ్డరోజును పోల్చండి. ట్రాఫిక్ విపరీతంగా ఉండే దారుల్లో ఐదారు కిలోమీటర్ల వరకు నడక గెలిచే సందర్భాలు మీరనుకునే కంటే ఎక్కువ. ఖాళీ రోడ్లమీద ఇరవై నిమిషాల్లో చేర్చే బస్సో సైకిలో ఉంటే మాత్రం ఈ వాదన నిలవదు. నడవాలనుకుంటే అప్పుడు వేరే కారణం ఉండాలి.

ఆ వేరే కారణం వ్యాయామం కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చెప్పింది. చురుగ్గా నడిస్తే అది ఈ లెక్కలోకే వస్తుంది. ఒకవైపు గంట చొప్పున మూడు రోజులు నడిచినా 150 దాటుతుంది. ఇప్పటికే విడిగా వ్యాయామానికి రోజూ 40 నిమిషాలు పెడుతూ, ఈ నడక మొదలయ్యాక దాన్ని మానేయడానికి సిద్ధంగా ఉంటే ఆ 40 నిమిషాలు మీ ఖాతాలోనే పడతాయి. రెండూ చేయాలనుకుంటే పడవు. బరువు సంగతి కూడా లెక్కతోనే చూడండి. 70 కిలోల మనిషి పది కిలోమీటర్లు నడిస్తే, ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యేదాని మీద అదనంగా ఖర్చయ్యేది సుమారు 350 కిలోకేలరీలు. తక్కువేం కాదు. కానీ నడక ఆకలి పెంచుతుంది. ఆఫీసు చేరగానే ఏదో ఒకటి తినేస్తే సగం అక్కడే పోతుంది.

సమయం ఎక్కణ్ణుంచి తెస్తున్నారో కాగితం మీద రాసుకోండి. నిద్రలోంచి గంట కోసి నడకకు పెడుతుంటే ఈ ఆలోచన ఇక్కడితో ఆపేయమనే మా సలహా. నిద్ర చాలని శరీరం నడక వల్ల వచ్చే అలసటను పూడ్చుకోలేదు. నెల తిరిగేసరికి రెండూ చెడతాయి.

దూరాన్ని బట్టి మోటు లెక్క

ఒకవైపు 3 కి.మీ. లోపయితే పెద్ద ఆలోచన అక్కర్లేదు, రేపే మొదలుపెట్టొచ్చు. 3 నుంచి 6 కి.మీ. వరకు కుదురుతుంది, కానీ బూట్లు, బట్టలు, వాన రోజుకి ప్రత్యామ్నాయం అన్నీ ముందే అమర్చుకోవాలి. 6 నుంచి 8 మధ్య రెండువైపులా రోజూ నడవడమంటే రోజుకు మూడు గంటల దాకా దారిలోనే గడుస్తుంది. ఒకవైపు నడక, ఇంకోవైపు వాహనం పెట్టుకుంటే నిలుస్తుంది. 8 దాటితే వారానికి రెండు మూడు రోజులు, అదీ ఒకవైపే అనుకోండి. మీ ఉద్యోగం కూడా లెక్కలోకి రావాలి. రోజంతా కూర్చుని చేసే పని అయితే నడక ఒంటికి ఊరటగా ఉంటుంది. ఎనిమిది గంటలు నిలబడి చేసే పని అయితే పైన చెప్పిన దూరాల్ని సగానికి తగ్గించుకోండి. పాదాలకు విశ్రాంతి అనేదే ఉండదు మరి.

దారిని ఎంచుకోవడం

దగ్గరి దారి మంచి దారి కావాలని లేదు. పెద్ద రోడ్డుకు సమాంతరంగా ఒక వీధి లోపలికి ఉన్న దారి దొరికితే, 300 మీటర్లు ఎక్కువైనా అదే పట్టుకోండి. పొగ తగ్గుతుంది, హారన్లు తగ్గుతాయి, సిగ్నళ్లూ తగ్గొచ్చు. వాహనాల పొగ రోడ్డు అంచున చాలా దట్టంగా ఉండి, పక్క వీధిలోకి మళ్లేసరికే పలచబడుతుంది.

మొదటి పరిశీలన సెలవు రోజున చేసినా, రెండోది తప్పకుండా పనిరోజున, మీరు వెళ్లే వేళకే చేయాలి. ఆదివారం ప్రశాంతంగా ఉన్న కూడలి సోమవారం తొమ్మిదింటికి దాటలేనంతగా ఉండొచ్చు. వెళ్తూ ఇవి గమనించండి: ఫుట్‌పాత్ ఎక్కడ తెగిపోతోంది, అక్కడ రోడ్డు మీదకి దిగితే ఎంత చోటుంది, సిగ్నల్ లేకుండా దాటాల్సిన పెద్ద రోడ్లు ఎన్ని, తాగునీళ్లూ మరుగుదొడ్డీ ఎక్కడ ఉన్నాయి, నీడ ఏ వైపు పడుతోంది, సాయంత్రం దీపాలు ఎక్కడ వెలగడం లేదు, కుక్కలు ఎక్కడ మూకగా ఉంటున్నాయి. మధ్యలో నడక ఆపేయాల్సి వస్తే బస్సో ఆటోనో దొరికే చోట్లు రెండైనా గుర్తుపెట్టుకోండి. ఫుట్‌పాత్ లేని చోట ఎదురుగా వచ్చే వాహనాలు మీకు కనిపించే వైపే నడవండి. వేగంగా వాహనాలు వెళ్లే రోడ్డు మీద అర కిలోమీటరు కంటే ఎక్కువ దూరం ఫుట్‌పాత్ లేకుండా నడవాల్సి వస్తే ఆ దారిని వదిలేయండి. వేరే దారి లేకపోతే ఆ ముక్క వరకు బస్సెక్కండి. ఈ ఒక్క విషయంలో రాజీ వద్దు.

పాదాలు, బూట్లు

నడక మానేసినవాళ్లను అడిగి చూడండి, ఎక్కువమంది ఊపిరి చాలక మానరు, పాదాలు నొప్పెట్టి మానేస్తారు. అందుకే దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

ఆఫీసు బూట్లతో నడవొద్దు. వాటిని ఆఫీసులోనే ఒక జత పెట్టేసి, దారికి పరుగు బూట్లో నడక బూట్లో వాడండి. కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. నడకలోనూ అలాగే ఉబ్బుతాయి. నడవబోయే మేజోళ్లే వేసుకుని చూడండి. నిలబడినప్పుడు అన్నిటికంటే పొడవైన వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొందరికి పొడవైన వేలు రెండోది, అది చూసుకోండి. ఖాళీ లేకపోతే పల్లంలో దిగేటప్పుడు వేళ్లు ముందుకు కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. వెనక మడమ పైకీ కిందకీ జారకూడదు.

జారుతుంటే బూటు మార్చే ముందు లేసు మార్చి చూడండి. చాలా పరుగు బూట్లకు పైన చివర్లో, కొంచెం వెనక్కి, ఒక అదనపు కన్నం ఉంటుంది. ఎందుకుందో తెలియక ఎవరూ వాడరు. లేసు కొసను అడ్డంగా అవతలికి తీసుకెళ్లకుండా అదే వైపున్న ఆ చివరి కన్నంలోకి బయటి నుంచి లోపలికి దూర్చండి, చిన్న ఉచ్చులా వదలండి. రెండోవైపూ అలాగే. ఇప్పుడు కుడి కొసను ఎడమ ఉచ్చులోంచీ, ఎడమ కొసను కుడి ఉచ్చులోంచీ దూర్చి, కిందికి, వెనక్కి లాగి ముడి వేయండి. చీలమండ చుట్టూ బిగుసుకుంటుంది, వేళ్ల దగ్గర మాత్రం వదులుగానే ఉంటుంది. మడమ జారడం చాలావరకు దీంతోనే ఆగిపోతుంది.

బొబ్బ ఎందుకొస్తుందో తెలిస్తే రాకుండా చూసుకోవచ్చు. తడిసిన చర్మం మెత్తబడుతుంది, మేజోడు దానికి అతుక్కుంటుంది, లోపల ఎముక కదిలినప్పుడల్లా చర్మం పొరలు ఒకదాని మీద ఒకటి సాగి విడిపోతాయి, ఆ ఖాళీలో నీరు చేరుతుంది. అంటే చెమట, రాపిడి రెండూ తగ్గాలి. అచ్చం నూలు మేజోళ్లు చెమటను పట్టి ఉంచుకుంటాయి. సింథటిక్ కలిసినవో పలచటి ఉన్నివో మేలు. బొబ్బ లేచే ముందు ఆ చోట చురుక్కుమంటుంది, వేడిగా అనిపిస్తుంది. అప్పుడు ఆగాలి. ఇంకో పది నిమిషాలేగా అని నడిస్తే ఆ పది నిమిషాలకు వారం రోజులు మూల్యం చెల్లించాలి. ఆగి, మేజోడు విప్పి, చోటు తుడిచి ఆరనిచ్చి, ముడతలు లేకుండా టేపు అంటించండి. టేపు అంచులు గుండ్రంగా కత్తిరించుకుంటే లేవవు. మూరెడు టేపును చిన్న పెన్సిల్ ముక్కకు చుట్టి సంచిలో పెట్టుకుంటే బరువే ఉండదు. బొబ్బ లేచాక దాన్ని చిదమకండి. పైపొరే దానికి మంచి కట్టు.

తొడలు ఒరుసుకుని మండేవాళ్లు బయల్దేరే ముందు పెట్రోలియం జెల్లీ పలచగా రాసుకోవాలి, కుట్లు లోపలివైపు లేని పొడవాటి లోదుస్తులు వేసుకోవాలి. గోళ్లను వారానికోసారి అడ్డంగా, తిన్నగా కత్తిరించుకోవాలి.

బూట్ల ఖర్చును చాలామంది లెక్కలోకే తీసుకోరు. రోజుకు 10 కి.మీ. అంటే వారానికి 50, నెలకు సుమారు 215. మంచి పరుగు బూటు 500 నుంచి 800 కి.మీ. దాకా పనికొస్తుంది. అంటే రెండున్నర నెలల నుంచి మూడున్నర, నాలుగు నెలలు. ఏడాదికి మూడు నుంచి ఐదు జతలు. బస్సు డబ్బులు మిగులుతాయని నడుస్తున్నవాళ్లు ఈ మొత్తాన్ని పక్కన రాసుకుని మరీ పోల్చాలి. రెండు జతలు మార్చి మార్చి వాడితే ఒక్కో జతకు ఆరడానికి, అడుగు మెత్త మళ్లీ లేవడానికి టైము దొరుకుతుంది. బూటు అయిపోయిందని పైభాగం చూసి తెలియదు. బల్ల మీద పెట్టి వెనకనుంచి చూడండి, ఒక పక్కకు ఒరిగి ఉంటే దాని పని అయిపోయినట్టే. కారణం లేకుండా కొత్తగా మోకాలి నొప్పి మొదలైతే ముందు బూట్లనే అనుమానించండి.

సంచి

ఒక భుజాన వేలాడే సంచి గంట నడకకు పనికిరాదు. మెడ, నడుము ఒక పక్కకు లాగేస్తాయి. రెండు పట్టీలున్న వీపు సంచి, వీపుకు ఆనుకునేలా బిగించుకుని, బరువైనవి వీపు పక్కనే ఉండేలా సర్దండి. మొత్తం మీ బరువులో పదో వంతు దాటకుండా చూసుకోండి, అందులో సగమైతే ఇంకా మంచిది. ల్యాప్‌టాప్, చార్జరు, భోజనం, నీళ్లు, బట్టలు కలిపితే అయిదు కిలోలు ఇట్టే అవుతాయి. తగ్గించే మార్గాలున్నాయి: రెండో చార్జరు ఆఫీసులోనే ఉంచడం, వారంలో ఒకరోజు బస్సులో వెళ్లి మిగతా రోజుల బట్టలు, తువ్వాలు ఒకేసారి అక్కడ పెట్టేయడం, మాసినవి ఆ రోజే తెచ్చుకోవడం. ఆ ఒక్కరోజు కాళ్లకు విశ్రాంతి కూడా అవుతుంది.

చెమట

గంట నడిచి ఆగిన వెంటనే చెమట ఆగదు. పది, పదిహేను నిమిషాలు పోస్తూనే ఉంటుంది. చేరగానే బట్టలు మార్చుకున్నవాళ్లు మార్చిన చొక్కా కూడా తడుపుకునేది అందుకే. చివరి పది నిమిషాలు వేగం తగ్గించండి. చేరాక గాలి తగిలే చోట కూర్చుని నీళ్లు తాగండి. చెమట పూర్తిగా ఆగాక తడి తువ్వాలుతో మెడ, చంకలు, వీపు తుడుచుకుని, పొడిగా ఆరాక చొక్కా మార్చండి. మేజోళ్లు మార్చడం మరవొద్దు. స్నానానికి వీలుంటే అదృష్టమే, లేకపోయినా ఈ పద్ధతిలో పని జరిగిపోతుంది. తడి బట్టల్ని మూత బిగించిన సంచిలో సాయంత్రం దాకా ఉంచితే వాసన పట్టేస్తాయి, ఎక్కడైనా ఆరేసే చోటు వెతుక్కోండి.

దీనికి అన్నిటికంటే తేలికైన ఉపాయం దిశ మార్చడం. పొద్దున వాహనంలో వెళ్లి, సాయంత్రం నడిచి ఇంటికి రండి. చెమట పట్టినా ఇంటికే కదా చేరేది. ఆలస్యమైనా అడిగేవాళ్లుండరు. నడక మొదలుపెట్టే ఎవరికైనా మేం ముందు చెప్పేది ఇదే.

ఎండ, వాన, చీకటి

ఎండాకాలపు నడకకు శరీరం అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో దూరం సగానికి తగ్గించండి. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆవిరి కాదు, ఒళ్లు చల్లబడదు, అందుకే 40 డిగ్రీల పొడి ఎండ కంటే 34 డిగ్రీల ఉక్కపోత కొన్నిసార్లు ఎక్కువ బాధిస్తుంది. గంట నడకకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు దగ్గరుంచుకుని, దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగండి. తల తిరగడం, వికారం, తలనొప్పి, విపరీతమైన చెమట కలిసి వస్తే నీడకు వెళ్లి కూర్చోండి, ఆ రోజుకు నడక అయిపోయింది. మాట తడబడుతూ, ఎక్కడున్నారో తెలియనట్టు ప్రవర్తిస్తున్న మనిషిని చూస్తే అది వడదెబ్బ. ఒంటి మీద నీళ్లు పోస్తూ వెంటనే అంబులెన్సు పిలవాలి.

గాలి లేని వానకు గొడుగు మేలు, రెయిన్‌కోటులో నడిస్తే లోపల చెమటతో తడుస్తారు. ఈదురుగాలి ఉంటే రెయిన్‌కోటు తప్పదు. సంచి మీద వేసే కవరు వీపు వైపు నుంచి నీళ్లు రానిస్తుంది, కాబట్టి ల్యాప్‌టాపునూ బట్టల్నూ లోపల మందపాటి ప్లాస్టిక్ సంచిలో చుట్టండి. నేల కనిపించని నీళ్లలో అడుగు పెట్టకండి, కింద మూతలేని మ్యాన్‌హోల్ ఉందో, తెగిన కరెంటు తీగ ఉందో తెలియదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. ప్రతి మూడు సెకన్లూ ఒక కిలోమీటరు. ముప్పై సెకన్ల లోపే ఉరిమితే పక్కా కట్టడంలోకి వెళ్లి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి కదలండి. తడిసిన బూట్లలో పాత పేపరు కుక్కి గంటా రెండు గంటలకోసారి మారిస్తే మర్నాటికి ఆరతాయి. హీటరు పక్కన పెడితే జిగురు ఊడిపోతుంది.

చీకట్లో ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి మామూలు హెడ్‌లైటు వెలుగులో సుమారు 30 మీటర్ల లోపుకు వస్తేనే కనిపిస్తాడు. గంటకు 60 కి.మీ. వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతుంది. రెండు సెకన్లు కూడా లేవన్నమాట. మెరిసే పట్టీలు చీలమండలకూ మణికట్లకూ కట్టుకోండి. కదిలే కాళ్లూ చేతులూ మెరిస్తే, వస్తున్నది మనిషని డ్రైవరుకు ఛాతీ మీది పట్టీ కంటే త్వరగా అర్థమవుతుంది. రోడ్డు దాటేటప్పుడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేయండి.

ముందు డాక్టర్ని అడగాల్సినవాళ్లు

గుండె జబ్బు ఉన్నవాళ్లు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసేవాళ్లు, కీళ్లవాతం ఉన్నవాళ్లు, గర్భిణులు మొదలుపెట్టే ముందు డాక్టరుతో మాట్లాడాలి. షుగరు ఉండి పాదాలు మొద్దుబారినవాళ్లకు బొబ్బ లేచినా తెలియదు. రోజూ రాత్రి అరికాళ్లను అద్దంలోనైనా చూసుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు జేబులో తీపి పెట్టుకుని నడవాలి.

రెండు వారాల పరీక్ష

మొదటి వారంలో మూడు రోజులే, ఒకవైపే, రోజు విడిచి రోజు. సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం నడిచి రండి. మామూలు పనిరోజు సంచితోనే. దూరం 5 కి.మీ. మించితే మొదటిరోజు మధ్యలో దిగి సగమే నడవండి.

రెండో వారంలో సోమ, మంగళవారాలు రెండువైపులా వరసగా. బుధవారం విశ్రాంతి. గురు, శుక్రవారాలు మళ్లీ రెండువైపులా. వరస రోజులు పెట్టడానికి కారణముంది. కొత్త శ్రమ వల్ల వచ్చే కండరాల నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదురుతుంది. మొదటి రోజు బాగుందంటే దాని అర్థం ఇంకా ఏమీ తెలియలేదనే.

రోజూ ఐదు ముక్కలు రాసుకోండి: బయల్దేరిన టైము, సిద్ధంగా కూర్చున్న టైము, ఎక్కడైనా నొప్పి, మధ్యాహ్నం మూడింటికి ఒళ్లు ఎలా ఉంది, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. మూడింటి దగ్గర కళ్లు మూతపడుతున్నాయా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ ఉద్యోగానికీ నడకకూ పొసుగుతుందో లేదో అదే చెబుతుంది.

నొప్పుల్ని వేరుచేసి చూడటం నేర్చుకోండి. రెండు కాళ్లలోనూ పిక్కలూ తొడలూ పట్టేసి, నడక మొదలయ్యాక సడలితే అది అలవాటు లేకపోవడం, తగ్గిపోతుంది. మోకాలి కింద ముందు ఎముక పొడవునా నొప్పి వస్తే దూరాన్ని ఒక్కసారిగా పెంచినట్టు. సగానికి తగ్గించి, వారానికి పదో వంతు చొప్పున పెంచుకుంటూ రండి. పొద్దున మంచం దిగిన మొదటి అడుగుల్లోనే మడమ కింద సూదిలా పొడిస్తే అరికాలి పొర వాచింది. వట్టి కాళ్లతో గచ్చు మీద తిరగడం ఆపి, పిక్కలు సాగదీసే వ్యాయామం చేయండి. ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట తీవ్రంగా నొప్పి ఉండి, నడిచేకొద్దీ పెరుగుతూ, రాత్రి పడుకున్నా తగ్గకపోతే ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. నడక పూర్తిగా ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

తీర్పు ఎలా చెప్పుకోవాలి

రెండో వారం గడిచాక మీరు రాసుకున్న కాగితం ముందు పెట్టుకోండి. ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు, నిద్ర అరగంటకు మించి తగ్గలేదు, శుక్రవారం నొప్పి సోమవారం నొప్పి కంటే ఎక్కువ లేదు, మధ్యాహ్నాలు మామూలుగానే గడిచాయి అంటే రోజూ నడవొచ్చు. నిద్ర తగ్గితే, సాయంత్రం నడకనే ఉంచుకోండి. నొప్పి రోజురోజుకీ పెరిగితే, రోజు విడిచి రోజు చేసి ఇంకో నెల చూడండి. రోడ్డు భయపెడితే, దారి మారేదాకా లేదా సగం దారి బస్సు కలుపుకునేదాకా ఆపండి. ఇంటికి రెండు మూడు స్టాపుల ముందే దిగి నడవడం కూడా నడకే. ఏడాదంతా నిలిచే రెండు కిలోమీటర్లు, మూడు వారాల్లో ఆగిపోయే ఆరు కిలోమీటర్ల కంటే ఒంటికి ఎక్కువ మేలు చేస్తాయి.

కుదిరిందనుకున్నా వాహనం ఏర్పాటు పూర్తిగా తీసేయకండి. వానకీ, జ్వరానికీ, రాత్రి ఆలస్యమైన రోజుకీ అది కావాలి. నెలకు నాలుగైదు రోజులు అలా పోతాయనుకుని, ఆ ఖర్చు కూడా కలిపే మిగులు లెక్క వేసుకోండి. ఎండాకాలం వచ్చినప్పుడు, పొద్దు త్వరగా వాలే నెలల్లో, ఆఫీసు వేళలు మారినప్పుడు ఆ ఐదు ముక్కలూ మళ్లీ ఒక వారం రాసి చూసుకోవాలి. జబ్బు చేసో ఊరెళ్లో పది రోజులు విరామం వస్తే, తిరిగి మొదలుపెట్టే రోజు సగం దూరమే నడవండి.